ఉమ్లుజ్ ఇసుకలో మొదటి హాఫ్

మా ఆయన ఊళ్లో ట్రావెల్స్ కారు నడుపుతారు. అమలాపురం నుంచి తిరుపతికి, వేళాంకణికి, హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి, ఎవరు ఎక్కడికంటే అక్కడికి. పెళ్లయిన కొత్తలో నాకు కారు నేర్పమని అడిగితే ‘రేపు’ అన్నారు. ఆ రేపు రాకముందే నేను నర్సు ఉద్యోగానికి సౌదీ వచ్చేశాను. యాన్బులో ఆసుపత్రి, అద్దె ఫ్లాటు, రెండింటి మధ్యా కంపెనీ బస్సు. అంతే నా లోకం. ఇక్కడ ఆడవాళ్లు కారు నడపొచ్చని ప్రభుత్వం చెప్పాక, మా వార్డులో ఫిలిప్పీన్ అమ్మాయిలు డ్రైవింగ్ స్కూల్లో చేరుతుంటే వాళ్ల వెనకాలే నేనూ చేరాను. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఫొటో తీసి ఆయనకి పంపించాను. జవాబుగా పగలబడి నవ్వుతున్న బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి.

ఆయన విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చింది ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలవబోతున్న రోజుల్లో. వచ్చేముందే ఫోన్లో చెప్పాను, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని రండి, ఇక్కడ మీరూ నడపొచ్చు అని.

“ఇరవయ్యేళ్ల నుంచి బండి తోలుతున్నాను. నాకు పర్మిటేంటే?” అన్నారు.

వచ్చాక తెలిసింది, అది లేకుండా ఇక్కడ స్టీరింగు ముట్టుకోనివ్వరని. దాంతో మా ఆయన జీవితంలో మొట్టమొదటిసారి పక్క సీటు మనిషయ్యారు.

ఆయన వచ్చిన కొద్దిరోజులకే సౌదీ వాళ్లు అర్జెంటీనాని ఓడించారు. ఆ మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నుంచీ మూలుగుతున్న పేషెంట్లు సెలైన్ స్టాండుతో సహా లేచి నిలబడి కేకలు పెట్టారు. మర్నాడు దేశమంతటికీ సెలవు ప్రకటించారు. మా నర్సులకి తప్ప. నేను ఇంటికొచ్చేసరికి, ఒంటరిగా టీవీ చూస్తూ కూర్చున్న మా ఆయన పూర్తిగా మారిపోయి ఉన్నారు. అంతకుముందు ఆయనకి తెలిసింది క్రికెట్టొక్కటే. “గోల్ దగ్గర నిలబడ్డవాడికి చొక్కా వేరే రంగెందుకే? కెప్టెనా?” అని నన్నడిగిన మనిషే, అరబిక్ కామెంటరీ ఒక్క ముక్క అర్థం కాకుండానే, రాత్రి భోజనాల దగ్గర చెంచాలు పేర్చి ఆఫ్‌సైడంటే ఏంటో నాకు బోధించారు. ఎదురింటి సిరియా వాళ్లు పంచిన మిఠాయి ఆయనే ఎక్కువ తిన్నారు. “మనోళ్లు అదరగొట్టేశారు” అన్నారు. ఆయన సౌదీలో దిగి అప్పటికి రెండో వారం.

ఆ శనివారం నాకు సెలవు. యాన్బుకి ఉత్తరాన ఉమ్లుజ్ అనే ఊరుంది. అక్కడ సముద్రం గాజులా ఉంటుందని, ఇసుక పంచదారలా ఉంటుందని మావాళ్లు చెప్పుకుంటారు. ఒకరోజుకి కారు అద్దెకి తీసుకుందామని వెళ్లాం. కౌంటర్లో ఉన్న కుర్రాడు నవ్వుతూ తాళం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన కూడా నవ్వుతూ అందుకుని, తాళాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతూ నిలబడ్డారు. అప్పుడా కుర్రాడు లైసెన్సు అడిగాడు. నేను నా బ్యాగు తెరిచాను. కుర్రాడు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. తాళం ఆయన వేలి మీద తిరగడం ఆగిపోయింది.

బండి తియ్యబోయే ముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకోవడం నాకలవాటు. కళ్లు తెరిచి చూస్తే ఆయనింకా కళ్లు మూసుకునే ఉన్నారు.

“ఆమెన్ అయిపోయిందండీ.”

“నీది అయిపోయింది. నాది ఇంకా ఉంది,” అన్నారు కళ్లు తెరవకుండానే.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఎడమ పక్కన సముద్రం కనిపిస్తూ, దాక్కుంటూ వస్తోంది. కుడి పక్కన గోధుమరంగు కొండలు. మా ఆయనకి మాత్రం వీటిలో ఏదీ కనిపించలేదు. ఆయన చూపంతా నా చేతుల మీదా, స్పీడు ముల్లు మీదా ఉంది.

“హారన్ కొట్టవే.”

“ఎవరికండీ? ముందెవరూ లేరు కదా.”

“అదుగో, ఒంటె.”

“అది కంచె అవతలుంది. అయినా ఇక్కడ ఊరికే హారన్ కొడితే తిట్టినట్టు.”

“మరి మనం వస్తున్నట్టు ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది?” అన్నారు నిజంగానే బాధపడుతూ. మా కోనసీమ రోడ్ల మీద హారన్ కొట్టకుండా బండి నడపడమంటే పలకరించకుండా ఇంట్లోకి వెళ్లిపోవడం లాంటిది. ఆయన బాధ నాకు అర్థమైంది. ఒంటెని చూసి ఒకసారి కొట్టాను. ఆయన స్థిమితపడ్డారు.

ఉమ్లుజ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. పడవలో ఎదురుగా ఉన్న దీవికి వెళ్లాలని మా ఆశ. రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఒక పడవాయన దొరికాడు కానీ, మెడలో ఆకుపచ్చ కండువా వేసుకుని ఇంటికి బయల్దేరుతున్నాడు. నాలుగింటికి పోలాండుతో మ్యాచ్, ఈరోజు పడవ లేదు, రేపు రండి అన్నాడు. హోటల్లో చేప తెప్పించుకుంటే వంటవాడు తొందర పెట్టాడు. అతనూ షట్టరు దించి వెళ్లాలి. నిప్పుల మీద కాల్చిన హమూర్ చేప, పక్కన నిమ్మకాయ. మా ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “ఉప్పూ కారం లేకుండా చేపని అవమానించారు,” అన్నారు. అని, ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు.

తిండయ్యాక ఊరికి కాస్త దూరంగా ఉన్న బీచికి తీసుకెళ్లాను. చెప్పినట్టే ఉంది. నీళ్లు ఒడ్డున ఆకుపచ్చగా, లోపలికి పోయేకొద్దీ నీలంగా. నేను తారురోడ్డు పక్కనే కారు ఆపబోయాను.

“ఇక్కడెందుకే? నీళ్ల దాకా పోనియ్యి.”

“ఇసకండీ.”

“గట్టి ఇసక. అంతర్వేది తీరంలో నేను నీళ్ల అంచంటా తోలినవాణ్ణి. నాకు చెబుతావా? పోనియ్యి, భయపడకు.”

ఆయనకి భయం లేదు. నాకుంది. కానీ పొద్దున్నుంచీ తాళం పోయిన మనిషి కదా, ఈ ఒక్క మాటైనా వినాలనిపించింది. పోనిచ్చాను. కొంతదూరం బాగానే వెళ్లింది. తర్వాత ముందు చక్రాలు మెత్తగా దిగిపోయాయి.

“ఎక్సలేటర్ తొక్కు,” అన్నారు. తొక్కాను. ఇంకాస్త దిగాయి. “అంత తొక్కమన్నానా?” అన్నారు.

ఆయన దిగి ప్యాంటు మడిచారు. చేతుల్తో ఇసుక తోడారు. కాళ్ల కింద వేసే చాపలు తీసి చక్రాల ముందు పరిచారు. చక్రాలు ఆ చాపల్ని కూడా లోపలికి లాక్కున్నాయి. చివరికి నడుము మీద చెయ్యి వేసుకుని తీర్పు చెప్పారు: “కంపెనీ తప్పు. ఈ మోడలే అంత.”

చుట్టూ మనిషన్నవాడు లేడు. దూరంగా రెండు తెల్ల గుడారాలు, వాటి పక్కన పికప్ బండి కనిపించాయి. చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం అటు నడిచాం.

గుడారం ముందు జనరేటర్ మోగుతోంది. లోపల పెద్ద టీవీ, తివాచీల మీద పదిమంది దాకా మగవాళ్లు. మధ్యలో తెల్లగడ్డం పెద్దాయన. మ్యాచ్ అప్పుడే మొదలైంది. నా అరబిక్ అంతా వార్డులో నేర్చుకున్నది. ఎక్కడ నొప్పి, ఊపిరి గట్టిగా పీల్చు, కదలకు, ఇంతవరకే. కారు ఇసుకలో దిగబడిందని చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఆలోచించి, “సయ్యారా తాబాన్,” అన్నాను. కారుకి ఒంట్లో బాలేదు అని.

పెద్దాయన టీవీ మీంచి చూపు తిప్పి నన్ను చూశారు. తర్వాత నా చేతిలో చెప్పులు, మా ఆయన మోకాళ్ల దాకా ఇసుక. గడ్డం కదిలేలా నవ్వి ఏదో అన్నారు. వెనక నుంచి టీ కెటిల్‌తో ఒకతను గబగబా వచ్చాడు.

“మీరు తెలుగోళ్లా? అరే, ఇటెట్లొచ్చిన్రక్కా?”

జగిత్యాల దగ్గర పల్లెటూరట. ఆ పెద్దాయన గుడారాలూ, జనరేటరూ, తోటా అన్నీ అతనే చూసుకుంటాడు. మా కష్టం విని అరబిక్‌లో పెద్దాయనకి విన్నవించాడు. జవాబు మాకు తెలుగులో చెప్పాడు.

“ముసలాయన ఏమంటుండంటే, బండి యాడికీ పోదు, మ్యాచ్ అయితే పోతది. హాఫ్‌టైంల గుంజుతమంటుండు. అందాక కూసోండ్రి.”

మా ఆయనకి ఆ న్యాయం ఎంత నచ్చిందంటే, నేనింకా తలూపకముందే తివాచీ మీద కూర్చుని టీ అందుకున్నారు.

నన్ను పక్క గుడారానికి పంపారు. అక్కడ ఆడవాళ్లు, వాళ్లకీ ఒక టీవీ. పెద్దాయన భార్య దిండుకి ఆనుకుని, చుట్టూ కోడళ్లతో కూర్చుంది. నేను నర్సునని తెలియగానే ఖర్జూరాల పళ్లెం ముందుకి జరిపి, ఒంటి మీది నల్ల అబాయా కొంచెం పైకెత్తి తన మోకాలు చూపించింది. ఇక్కడ మాత్రం నా వార్డు అరబిక్ పనికొచ్చింది. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, మడవగలవా? మడవలేదట. లేచి నిలబడటమైతే అసలు కుదరదట, నమాజు కూడా కుర్చీలోనేనట. నేను మెల్లగా నొక్కి చూస్తున్నాను. అంతలో పోలాండు వాళ్లు గోల్ కొట్టారు. ఆమె నా చెయ్యి పట్టుకుని, అది తన మోకాలైనట్టే నొక్కేసింది.

హాఫ్‌టైంకి కాస్త ముందు సౌదీకి పెనాల్టీ వచ్చింది. నా పక్కనెవరో కదిలినట్టనిపించి చూస్తే ఆమె లేచి నిలబడి ఉంది. ఆ మోకాలి మీదే. కోడళ్లు కూడా చూశారు, చూసి మళ్లీ టీవీ వైపు తిరిగారు. కొట్టాడు. పోలాండు గోలీ ఆపేశాడు. తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొడితే అది కూడా ఆపేశాడు.

అటు గుడారంలో మగవాళ్ల గొంతులు ఒక్కసారిగా అడుగంటాయి. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క గొంతు, స్వచ్ఛమైన కోనసీమ తెలుగులో, సముద్రం దాకా వినిపించింది.

“ఓరి నాయనోయ్! కొంప ముంచేశావు కదరా!”

ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు.

“మా ఆయన,” అన్నాను అరబిక్‌లో.

పెద్దామె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఓడిపోతున్న ఇంట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అమ్మో అంటూ మోకాలు పట్టుకుని కూలబడింది.

హాఫ్‌టైం ఈల వినపడగానే పికప్ స్టార్టయింది. మాట మీద నిలబడే మనుషులు. తాడు కట్టారు, చక్రాల ముందు ఇసుక తీశారు, కూరుకుపోయిన చాపలు బయటికి లాగారు, టైర్లలో గాలి తగ్గించారు. మా ఆయన డ్రైవరు తలుపు తెరిచి, “దిగవే, ఇలాంటివి నేను చూసుకోవాలి,” అన్నారు.

పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. ఏదో చెప్పారు. జగిత్యాల తమ్ముడు కెటిల్ ఇంకా చేతిలో ఉండగానే అనువాదం చేశాడు.

“అన్నా, నువ్వు ఎనకనుంచి నూకాల్నట. అక్కనే నడుపుతదట. నీ అరుపులు ఇని, నీకు బలం మస్తుందని సమజైందట.”

మా ఆయన వెనక్కి వెళ్లారు. పికప్ మెల్లగా లాగింది. నేను మెల్లగా తొక్కాను. మా ఆయన, తమ్ముడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు నెట్టారు. కారు ఒకసారి ఊగి, పక్కకి జారి, ఉన్నట్టుండి గట్టి నేల మీదికి దూకేసింది. అద్దంలో చూస్తే మా ఆయన రెండు చేతులూ గాల్లోకెత్తి పరిగెత్తుతున్నారు, ఒళ్లంతా ఇసుకతో కుర్రాళ్లు ఆయన మెడ మీద పడుతున్నారు.

“ఇయ్యాల మనకిదొక్కటే గోలన్నా!” అన్నాడు తమ్ముడు.

ఇక వెళ్లొస్తామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. నిజానికి మా ఆయనా ఒప్పుకోలేదు. రెండో హాఫ్ కూడా చూశాం. పోలాండు వాళ్లు ఇంకో గోల్ కొట్టారు. మ్యాచ్ అయిపోయేసరికి పొద్దు సముద్రంలోకి దిగిపోయి, నీళ్ల మీద ఎరుపు మాత్రం మిగిలింది. పొద్దున్నుంచీ నేను చూపించాలనుకున్న సముద్రాన్ని ఆయన అప్పుడు చూశారు. వాళ్లు వరసగా నిలబడి నమాజు చేసుకుంటుంటే, ఈయన కొంచెం అవతల చేతులు కట్టుకుని నిలబడి నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయారు. నేను పక్కన నిలబడ్డాను. “బావుందే,” అన్నారు. అంతే.

బయల్దేరేటప్పుడు పెద్దామె ఒక సంచీ నిండా ఖర్జూరాలు ఇచ్చి, మోకాలికి చెయ్యాల్సిన కసరత్తు మళ్లీ ఒకసారి చేయించుకుంది. అటు మగవాళ్లు మా ఆయన్ని ఓదారుస్తున్నారు.

“బుధవారం మెక్సికోతోని ఉందన్నా. దాంట్ల కొడ్తరు, రంది పడకు,” అన్నాడు తమ్ముడు.

“కొడతారు, ఎందుక్కొట్టరు? మనోళ్లకి ఆట రాకా? ఖర్మ బాలేదంతే,” అన్నారు మా ఆయన.

తిరుగు దారిలో బంకు దగ్గర టైర్లలో గాలి నింపించి, యాన్బు చేరాం. దారి పొడుగునా ఆయన హారన్ గురించి మాట్లాడలేదు, స్పీడు గురించి మాట్లాడలేదు. ఆ పెనాల్టీ ఎడమ పక్కకి కొట్టి ఉండాల్సిందని మాత్రం నాలుగైదుసార్లు చెప్పారు.

మర్నాడు పొద్దున్న కారు తిరిగివ్వడానికి వెళ్లాం. ఆరోజు ఆఫీసులో వేరే ఆయనున్నారు, కాస్త వయసాయన, సౌదీ మనిషే. కారు చుట్టూ తిరిగారు. తలుపు తెరిస్తే చాపల మీంచి ఇసుక జలజలా రాలింది. వంగి చక్రాల్లోకి చూశారు. లేచి, ఏమిటిదంతా అన్నట్టు మా ఆయన వైపు చూశారు. నేను నా వార్డు అరబిక్‌లో వాక్యం కూర్చుకుంటున్నాను. ఈలోగా మా ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి, తల అడ్డంగా ఊపి, ఒకే ఒక్క మాట అన్నారు.

“పోలాండ్.”

ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది. కారుని మర్చిపోయి, వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఒకరి భాష ఒకరికి రాదు. తలలు ఊపుకుంటూ చాలాసేపు అలాగే నిలబడ్డారు. నేను ఈలోపు చాపలు బయటికి తీసి ఇసుక దులిపాను.