నీలిమందు నీడ

మొన్న ఆదివారం పొద్దున సిరిసిల్లలో మా మేనమామ కన్నుమూశాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నక్సలైటు అన్నలు ఊళ్లలో తిరిగే రోజుల్లో ఆ చేతిరాతే ఆయన కొంప ముంచింది.

రాత్రికి రాత్రి గోడల మీద ఎర్ర అక్షరాలు వెలిసేవి. ఎవరో అచ్చం ఈయనలాగే 'ల'కు తోక సాగదీసి రాశారు. ఇక పోలీసులు స్టేషనుకు పిలిపించి పిలిపించి చంపుకు తిన్నారు. భయపడి అమ్మమ్మ ఆయన్ని విశాఖ అవతల, సముద్రం ఒడ్డున ఉన్న చుట్టాల దగ్గరికి పంపేసింది.

అక్కడ పడవలకు రంగులేశాడు. సిరిసిల్లలో అయితే ముందు సుద్దముక్కతో గీసుకుని, నల్లగా అంచు కట్టి, తీరిగ్గా రంగు నింపేవాడు. అక్కడి ఎండకు కుంచె తిప్పేలోపే రంగు ఆరిపోయేది. దాంతో సుద్దముక్క పారేసి, ఒకే ఊపులో రంగు పెట్టడం నేర్చుకున్నాడు. తెల్లటి ఇసుకలో నీడ నల్లగా ఉండదని తెలిశాక నల్లరంగు డబ్బా జోలికే పోలేదు.

ఆయన అక్కడుండగానే అమ్మమ్మ పోయింది. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. గొడవలు సద్దుమణిగి తిరిగొచ్చాక, గుర్తున్నంత మేర ఆమె బొమ్మ వేసి కోరుట్లలో మా ఇంటికి తెచ్చాడు. వాకిట్లో నూలు ఆరేస్తున్న అమ్మమ్మ, వెనక గోడ మీద నీలం నీడ.

"నీడకు నీలిమందు పెట్టినవేంది తమ్మీ? గిది మన అవ్వ కాదు" అంది అమ్మ. తల్లిని వాళ్లు అవ్వ అనే పిలిచేవారు.

"ఎండల నిలవడి సూడక్కా. నీకే ఎరుకైతది" అన్నాడు మామ.

అమ్మ చూడలేదు. చివరిచూపుకు రాని తమ్ముడి మీద కోపం రంగు మీద చూపించింది. బొమ్మ బీరువా వెనక్కి పోయింది. మామ మాత్రం వస్తూనే ఉన్నాడు. సాసర్లో చాయ్ ఊదుకుంటూ నాకు బొమ్మలు నేర్పాడు. "నలుపు జల్ది ముట్టకు బిడ్డా, దాంట్ల అన్ని మునిగిపోతయి" అనేవాడు. ఇవాళ బడిలో నేను డ్రాయింగు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

అంత్యక్రియలయ్యాక ఎవరో ఆయన చొక్కా ఉతికి తీగ మీద ఆరేశారు. సున్నం గోడ మీద దాని నీడ పడింది. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది.

"నీలమే గదనే" అంది నాతో.

కోరుట్లకు రాగానే బీరువా జరపమంది. బొమ్మను కొంగుతో తుడిచి, వాకిట్లోకి తెచ్చి, గోడ పక్కన ఎండలో కూర్చుంది. బొమ్మలో అమ్మమ్మ నీడ, గోడ మీద అమ్మ నీడ ఒక్క రంగులోనే ఉన్నాయి.