నల్లమద్దికి నేను వేయించిన నంబరు

చలి దేశాల అడవుల్లో చెట్లు చలికి భయపడి ఆకు రాలుస్తాయని ఇంటర్ పిల్లలకు ఏటా పాఠం చెబుతాను. మా చెట్లు దాహానికి భయపడి రాలుస్తాయని కూడా చెబుతాను. ఆ రెండో మాట నాకు మా నాన్న నేర్పింది, మేం బాపు అంటాం. అది చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతులోకి కోపం వస్తుంది. పిల్లలు తమ మీదే అనుకుని తలలు వంచుకుంటారు.

బాపు చెన్నూరు అవతలి అడవిలో రోజుకూలీ వాచరు. సెలవుల్లో నేనూ వెంట తిరిగేదాన్ని. వాగు దాటితే అవతలి ఒడ్డున ఒక వంకర నల్లమద్ది ఉండేది. మొసలి వీపు లాంటి బెరడు, ఛాతీ ఎత్తున ఒక పెద్ద బుడిపె. ఎండాకాలం వాగు ఎండినప్పుడు బాపు ఆ బుడిపెను గొడ్డలి మొనతో చిన్నగా కొట్టేవాడు. చెట్టు లోపల దాచుకున్న నీళ్లు సన్నగా ధారకట్టేవి, కాస్త వగరుగా. ఇద్దరం దోసిళ్లు పట్టి తాగాక ఆ గాటులో కొయ్యముక్క దిగగొట్టి, పైన తడిమట్టి మెత్తి, బొటనవేలితో చుట్టూ అదిమేవాడు. ఒక చెట్టును ఎండాకాలానికి ఒక్కసారే అడగాలి. రెండోసారి గొడ్డలి పెట్టకూడదు. అది మా వాళ్ల కట్టుబాటు.

"అడిగి తాగాలె బిడ్డా, గుంజుకోవద్దు" అనేవాడు.

ఆ అడవిలో మద్ది, తునికి, ఇప్ప, మోదుగ, టేకు అన్నీ కలిసే పెరిగేవి. ఒకదాని ఆకు రాలి నేలను కప్పితే, ఆ పదునులో ఇంకోదాని విత్తనం మొలిచేది. మద్ది కొమ్మలకు దసలి పట్టుపురుగుల గూళ్లు వేలాడేవి.

నేను డిగ్రీ మొదటి ఏడు చదువుతుండగా టేపులు, పెయింటు డబ్బాలతో అటవీశాఖ మనుషులు వచ్చి చెట్లకు నంబర్లు వేయడం మొదలుపెట్టారు. దారి చూపించేది బాపే.

"ఎందుకు బాపూ గీ నంబర్లు?"

"లెక్కల ఎక్కిన చెట్టును ఎవ్వడు ముట్టడు."

నమ్మాను. ఎందుకు నమ్మను? భూమైనా పేరైనా కాగితం మీదికి ఎక్కితేనే మిగులుతుందని పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని. రెండు రోజులు పెయింటు డబ్బా కూడా మోశాను. మూడోరోజు వాళ్లు వాగు దాకా వచ్చి వెనక్కి తిరిగారు. వంకర మద్ది అవతలి ఒడ్డున ఉండిపోయింది. నాకు ప్రాణం కొట్టుకులాడింది.

"సార్, గా వంకర చెట్టుకు ఏయలే. దానికి గూడ ఏయుండ్రి."

"అది మా లైన్ల లేదమ్మా" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

నేను ఊరుకోలేదు. బతిమాలి, దాదాపు లాక్కుపోయినట్టే వాగు దాటించాను. ఆయన విసుగ్గా బాపు వైపు చూశాడు. "ఏమంటవ్, ఏయమంటవా?"

బాపు చేతికర్రతో ఎండుటాకులు కదుపుతూ నిలబడ్డాడు. పెద్దాయన బెరడు చెక్కి నంబరు వేశాడు. కారిన పెయింటు బుడిపె మీద పడకుండా నేనే చున్నీతో తుడిచాను.

వానలకు ముందే రంపాలు వచ్చాయి. ఆ అడవి కొట్టేసి నీలగిరి చెట్లు నాటాలని పైనుంచి ఉత్తర్వట. నంబరున్న చెట్టల్లా కూలింది. అవతలి ఒడ్డున చెట్లన్నీ నిలబడే ఉన్నాయి, మా మద్ది ఒక్కటే పడి ఉంది. కోసిన చోట నీళ్లు కారి నేల తడిసింది.

నీలగిరి తోటకు పర్మినెంటు వాచరుగా బాపును పెట్టుకున్నారని విన్నాక నాకంతా అర్థమైంది. నంబర్లు ఎందుకో ఆయనకు మొదటి రోజే తెలుసు. కంచే చేను మేసిందని ఊరంతా అంది. ఊరి సంగతి నాకెందుకు? నౌకరీ మీద కూడా నాకు కోపం లేదు. నన్ను నమ్మించి ఆ చెట్టు గొంతు నా చేతనే కోయించాడు, అది నేను మరవలేను.

పోయిన ఎండాకాలం బాపుతో ఆ తోటకు వెళ్లాను. వరుసలు వరుసలుగా నీలగిరి, కింద గడ్డి కూడా సరిగా లేదు. ఆ ఆకును ఏ పురుగూ ముట్టదు. ఇన్నేళ్లకు మొదటిసారి అడిగాను.

"ఆ దినం వద్దు అని ఒక్క మాట అంటె అయిపోయేది గద బాపూ!"

"వద్దంటె ఎందుకని అడుగుతవ్. చెప్తె ఊరంత లేపుతవ్, నా నౌకరి పోతది." అన్నాడు బాపు. "చెట్టు పోతె పోయింది, నా బిడ్డ నన్ను నమ్ముతనే ఉంటదనుకున్న."

నా మొహం చూసి ప్లాస్టిక్ సీసా అందించాడు. గొంతు ఎండిపోయి ఉంది, తాగాను. వేడెక్కిన బోరు నీళ్లు. సీసా తిరిగి తీసుకుని మూత బిగించాడు. బిగించాక బొటనవేలితో దాని చుట్టూ మెల్లగా అదిమాడు.

ఆ వేలును చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషి ఏదీ మరిచిపోలేదు. అన్నీ గుర్తుండే ఆ రోజు ఎండుటాకులు కదుపుతూ నిలబడ్డాడు.