పాత పేరుతోనే మిగిలిన వెబ్‌సైట్

నేను నందిగామలో పత్రికకు వార్తలు రాసే రోజుల్లో, నాకు తెలిసిన పత్తి మిల్లు యజమాని ఒకాయన నష్టాలు పడలేక, సిద్ధాంతి మాట విని మిల్లు పేరు మార్చారు. పాత పేరు నీడ కూడా మిగలకూడదని సిద్ధాంతే చెప్పారట. మంచిరోజు చూసి బోర్డు దింపించారు, పాత ఫోన్ తీసేయించారు, ఈమెయిల్ కూడా మూయించారు. ఇక వెబ్‌సైట్ మిగిలింది. కొత్త పరిచయం రాసిపెట్టమని నన్ను ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లారు.

సెంటర్ యజమాని పాస్‌వర్డ్ అడిగాడు. అది ఎవరికీ గుర్తులేదు. సైటు తయారుచేసిన విజయవాడ మనిషి దుకాణం ఎత్తేశాడు.

"మర్చిపోతే కొత్తది పాత మెయిల్‌కే వస్తుందండి."

"ముహూర్తం పెట్టి మరీ మూయించాగా!"

"మరి సిద్ధాంతి గారినే అడగండి, తెరుస్తారేమో."

మిల్లు యజమాని నవ్వలేదు. సైటు చూసి దూది కొనే కోయంబత్తూరు వ్యాపారులకు అక్కడినుంచే ఫోన్ చేశారు.

"ఆ సైటులోని మిల్లు మాదేనండి, పేరు మార్చుకున్నాం."

"సైటులో వేరే పేరుందే? ఆ నంబరుకి చేస్తే మోగట్లేదు. మీరెవరో మాకెలా తెలుస్తుంది?" అన్నారు అవతలివాళ్లు, వచ్చీరాని తెలుగులో.

పేరు మారిందని నేను రాసిన వార్తను పంపారు. తెలుగు అక్షరాలు అక్కడ చదివేవాళ్లు లేరు.

ఆ సీజన్‌లో కోయంబత్తూరు లారీలు మిల్లు ముందునుంచే జగ్గయ్యపేట మిల్లులకు వెళ్లిపోయాయి. ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేవారు. కొన్నాళ్లకు చెయ్యి ఎత్తి ఆపబోవడం కూడా మానేశారు.