మంగళవారం వద్దని అడిగిన పాపానికి

ఎనిమిదేళ్లుగా మా ఆవిడ ఐర్లండులో, నేస్ అనే ఊళ్లోని మా ఇంటి హాల్లోనే జాకెట్లు కుట్టేది. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో చిన్న షాపు లీజుకు దొరికేసరికి ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. ఓనరు, ఒక ఐరిష్ పెద్దాయన, షరతులన్నీ రాసి సంతకం పెట్టి పంపాడు. తాళాలు మంగళవారం ఇస్తాడు. సోమవారం సాయంత్రంలోగా మేం సరేనని చెప్పాలి, అప్పటిదాకా ఇంకెవరికీ ఇవ్వడు.

మంగళవారం అని చూశాక నేను ఊరుకుంటానా! పంచాంగం తిరగేసి, గురువారం నుంచి మొదలుపెట్టుకోవచ్చా అని ఆయనకు మెయిల్ కొట్టాను. జవాబు లేదు. రెండు రోజులు చూసి, సోమవారం పొద్దున్నే, మీరు రాసినట్టే మాకు సమ్మతమని మా ఆవిడ పేరున నేనే రాశాను. మధ్యాహ్నం జవాబొచ్చింది. మేం రోజు మార్చమన్నాం కాబట్టి ఆయన మాట అప్పుడే రద్దయిపోయిందట, షాపు ఇంకొకరికి ఇస్తున్నాడట.

"మీ ముహూర్తాల పిచ్చి నా షాపును మింగేసిందండీ!" అని మా ఆవిడ కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా అమ్మాయి లా రెండో సంవత్సరం చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషే. మా గోల విని లాప్‌టాప్‌తో గబగబా మెట్లు దిగి వచ్చింది. "డాడీ, వీ డిడ్ దిస్ వన్ ఇన్ క్లాస్! యూ ఓన్లీ ఆస్క్‌డ్!"

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు హైకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఇనుము కొనబోయినవాళ్లు, సరుకు కాస్త ఆలస్యంగా తీసుకోవచ్చా అని టెలిగ్రాం ఇచ్చారు. అమ్మేవాడు జవాబివ్వకుండా వేరేవాళ్లకు అమ్మేశాడు. ఆ కబురు అందకముందే వీళ్లు సరేనన్నారు. అడగడం వేరు, కాదనడం వేరు అని జడ్జిగారు తేల్చేశారు. ఒప్పందం కుదిరినట్టే! టెలిగ్రాం బదులు మెయిల్, ఇనుము బదులు షాపు, అచ్చం మా కథే! ఆనందం పట్టలేక ఆ పేజీని రెండుసార్లు పైకి చదివాను.

అమ్మాయి మర్యాదగా ఒక ఉత్తరం రాసి, తీర్పు జతచేసి పంపింది. సాయంత్రానికి ఓనరు ఫోను చేశాడు. స్పీకరు పెట్టి ముగ్గురం ఫోను చుట్టూ చేరాం. ఉత్తరాన్ని తన లాయరుకు చూపించాడట.

"గ్రాండ్, షాప్ ఈజ్ యువర్స్. కీస్ టుమారో, త్రీ ఓ క్లాక్."

మంగళవారం మూడు గంటలు. సరిగ్గా రాహుకాలం మొదలు! ఒక్క మాట అడుగుదామని నోరు తెరిచాను. మా ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఫోను మీదికి వంగి, గట్టిగా చెప్పింది.

"ఎస్. ఐ అగ్రీ."