గొడ్డలి వేటు దగ్గర ఇంటర్వెల్

కరోనా తగ్గి సినిమా హాళ్ళు మళ్ళీ తెరుచుకున్న ఏడాది అది. గరివిడి దగ్గర మా హాల్లో క్యాంటీను నాదే. జనం సరిగా రావడం లేదని యజమాని విసిగిపోయి, "ఈ వారం కూడా ఇలాగే ఉంటే హాలు సిమెంటు గోడౌనుకి ఇచ్చేస్తాను" అన్నారు. ఇచ్చేస్తే నా బజ్జీల మూకుడూ, ఆపరేటరు సూరిబాబు ఉద్యోగమూ రెండూ పోయినట్టే.

ఆ వారం తెలుగు మాటలు పెట్టిన విదేశీ బొమ్మ వచ్చింది. వెయ్యేళ్ళ కిందట మంచు దేశాల నుంచి ఓడలెక్కి వచ్చి ఊళ్ళు దోచుకునే వైకింగుల కథ. అన్నని చంపినవాడి కోసం తమ్ముడు సముద్రం దాటి వెళ్తాడు.

మన సినిమాలకి ఇంటర్వెల్ ఎక్కడో తీసినవాళ్ళే వేసి పంపుతారు. విదేశీ సినిమాకి అది ఉండదు, ఆపరేటరే సగం చూసుకుని ఆపాలి. మ్యాట్నీలో తమ్ముడి గొడ్డలి వేటుకి పగవాడు కూలాడు. హాలంతా ఈలలు. సూరిబాబు అక్కడే ఆపి లైట్లు వేశాడు.

నేను వేడి బజ్జీల పళ్ళెంతో నిలబడ్డాను. జనం నా వైపు రాలేదు, బళ్ళ వైపు నడిచారు! మా వీధి రైతు అప్పన్న మావ కండువా దులుపుకుంటున్నాడు.

"మావా, ఎక్కడికెల్తన్నావు? ఇంకా సగం బొమ్మ ఉన్నాది!"

"ఎటకారమేటే? సంపీసినాడు కదా. పగ తీరిపోనాది. ఇంకేటుంటాది, పెళ్ళా?"

మిగతా సగంలో ఏముందో నేనూ చూడలేదాయె. ఆట నడుస్తున్నంతసేపూ నాకు పిండి కలపడంతోనే సరి.

ఆట వదిలాక సూరిబాబుని పట్టుకుని ఆ చోటు మళ్ళీ వేయించాను. కూలిన పగవాడు నవ్వి, "నన్ను పంపినవాడు మీ ఇంట్లోనే అన్నం తింటున్నాడు" అని కన్ను మూశాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఆ మాట అననిచ్చి ఆపాలిరా!"

"ఈలలు పడ్డాయని ఆపీసినాను వదినా" అని తల గోక్కున్నాడు.

సాయంత్రం ఆటకి ఆ మాట తర్వాత ఆపాడు. లైట్లు వెలగడమేమిటి, "ఎవుడ్రా ఆడు?" అని హాలంతా ఒకటే గోల. వాదించుకుంటూనే నా పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ లోపలికి పరిగెత్తారు.

మర్నాడు అప్పన్న మావ ఊగిపోతూ వచ్చాడు. "బొమ్మ అయిపోనాదన్నానని టీ బడ్డీ కాడ నా పరువు తీసీసినారే! మిగతా సగం నాకు సూపించు!" అన్నాడు గానీ, మొదటి నుంచీ కూర్చున్నాడు. ఇంటర్వెల్లో రెండు చేతుల్లో రెండు బజ్జీలతో తీర్పు చెప్పాడు.

"ఆళ్ళింట్లో ఉన్న పెదనాన్నే! పొలం గట్టు కాడ తగువుంటే పెదనాన్నలే ఇలాటియి సేయిస్తారు."

"మంచులో గట్టేటి మావా?"

"అన్నదమ్ములున్న సోట గట్టుండదేటే!"

ఓడలూ గొడ్డళ్ళూ కొత్తవే గానీ, ఆ తగువు మా వాళ్ళకి కొత్తది కాదు. అందుకే చూసినవాళ్ళే మళ్ళీ చూశారు, పక్క ఊళ్ళ నుంచీ వచ్చారు. మా హాల్లోకి ఒక్క సిమెంటు బస్తా రాలేదు.

ఇప్పుడు విదేశీ బొమ్మ ఏదొచ్చినా సూరిబాబు ముందుగా నాకు వేసి చూపించి, "ఎక్కడాపమంటావు వదినా?" అని అడుగుతాడు. నాకు తెలిసింది ఒక్కటే: పగ తీరితే జనం ఇంటికి పోతారు, తీరకపోతే బజ్జీలు తింటారు.