గ్యాలన్‌కి యాభై ఒకటి

మిషిగన్ ప్రభుత్వం హైవే పక్కన పాతిన మైలు స్తంభాలు తప్పనీ, నా మోటార్‌సైకిల్ మీటరే ఒప్పనీ, ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లతో కాపురం చేసిన ఒక పెద్దావిడతో గ్యాస్ బంకులో నిలబడి వాదించిన ఘనుణ్ణి నేను. నా ఉద్యోగం, వీసా, పరువు మూడూ ఆవిడ చేతిలో ఉన్న రోజునే ఏరికోరి ఆ వాదన పెట్టుకున్నాను. ఎలా బతికి బట్టకట్టానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఎలాగూ నవ్వి నవ్వి విసిగిపోయారు, ఇక మీ వంతు.

అది రెండువేల ఎనిమిది వేసవి. గ్యాస్ ధర, అంటే పెట్రోలు ధర, చూసి జనం గుండెలు పట్టుకుంటున్న రోజులు. నోవైలో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని చేసేవాణ్ణి. కార్ల ఇంజనీర్నని అందరికీ చెప్పుకునేవాణ్ణి గానీ, నా ఇంజనీరింగంతా కారు తలుపు గడియతోనే. అది మూసినప్పుడు ఖరీదైన చప్పుడు చేస్తోందా, చవకబారు చప్పుడు చేస్తోందా అన్న ఒక్క ప్రశ్న మీద మూడేళ్ళు అన్నం తిన్నాను. ఒకరోజు మేనేజర్ పిలిచి, చలికాలం రాకముందే గడియల ప్రాజెక్టు మూసేస్తున్నారనీ, ఈలోగా వేరే గ్రూపులో చోటు వెతుక్కోమనీ చెప్పాడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఆ మాటకు అర్థం ఒక్కటే. చోటు దొరికితే ఉంటావు, లేకపోతే సూట్‌కేసు సర్దుతావు.

కంపెనీ మొత్తానికి ఖాళీ ఒక్కటే ఉంది. అది ఇంజన్ టెస్ట్ ల్యాబులో. ఆ ల్యాబుకి పెద్ద శారద ఆంటీ. డెబ్బైల్లో కాకినాడ నుంచి వచ్చి, చీర మీద ల్యాబ్ కోటు తొడుక్కుని ఇంజన్ల మధ్యకు నడిచిన మనిషి. ఆవిడ గురించి ల్యాబులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. అద్దానికి ఇవతల కాఫీ తాగుతూ నిలబడి, అవతల ఇంజన్ మోగుతుంటే, "మూడో సిలిండరుకి ఒంట్లో బాగోలేదర్రా" అనేదట. విప్పి చూస్తే నిజంగానే బాగుండేది కాదట.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరిదో గృహప్రవేశం. పులిహోర ప్లేటుతో ఆవిడ పక్కకి చేరి నా గోడు చెప్పుకున్నాను.

"ఇంజన్ మీద నీ చేత్తో ఏం చేశావు ప్రసాదూ?" అని అడిగింది.

"డోర్ లాచ్ ప్రోగ్రామ్ మొత్తం నేనే హ్యాండిల్ చేశానాంటీ."

"అది తలుపు కదా నాయనా!"

పులిహోర ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చేశాను. మర్నాడే ఒక పాత జపాన్ మోటార్‌సైకిల్ కొనేశాను.

నా రూమ్మేట్ శ్రీను వరంగల్ వాడు. కోడింగ్ ఉద్యోగం చేసేవాడు గానీ, నాకంటే స్పానర్ పట్టడం వాడికే బాగా వచ్చు. ముందు రెండు ట్యాంకులు మామూలుగా తిప్పి మైలేజీ చూశాం. గ్యాలన్‌కి నలభై అయిదు మైళ్ళు వచ్చింది. ఆ తరవాత మొదలుపెట్టాను నా శస్త్రచికిత్స. సైలెన్సర్ తీసి పొట్టి గొట్టం పెట్టాను. గాలి ఫిల్టర్ డబ్బా పీకేశాను. పెట్రోలు వదిలే జెట్లలో, ఎంత పెద్దదైతే అంత మంచిదని, దుకాణంలో ఉన్నవాటిల్లోకెల్లా పెద్దవి తెచ్చి కార్బురేటర్లలో బిగించాను. పికప్ కోసం చైను తిరిగే పళ్ళచక్రాలు కూడా మార్చాను. ఇంజన్ పక్కనున్న చిన్నదాన్ని ఇంకా చిన్నది చేశాను, వెనక చక్రానికున్న పెద్దదాన్ని ఇంకా పెద్దది చేశాను.

"అన్నా, జర ఆగు. గిన్ని చేస్తే మైలేజ్ పడిపోతది" అన్నాడు శ్రీను.

"పడితే పడనీరా. ఎంత పడిందో లెక్క కట్టి, ఎందుకు పడిందో ఆంటీకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తా. అదే హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌పీరియెన్స్ అంటే."

నిజం చెప్పొద్దూ, ఆ మాట మీద నిలబడి ఉంటే నాకీ కథ ఉండేది కాదు. కానీ మొదటి ట్యాంకు లెక్క కట్టేసరికి యాభై ఒకటి వచ్చింది! మళ్ళీ నింపాను, మళ్ళీ యాభై ఒకటి. మూడోసారీ అంతే. గరాజ్‌లో నేల మీద కూర్చుని ఆ బండి వంక అలా చూస్తూ ఉండిపోయాను. పికప్ పెరిగింది, చప్పుడు పెరిగింది, మైలేజీ కూడా పెరిగింది. ప్రపంచంలో ఏ ఇంజనీరుకీ చేతకానిది తలుపు గడియలు చేసేవాడికి చేతనైంది. నా చేతుల్ని నేనే అటూ ఇటూ తిప్పి భక్తిగా చూసుకున్నాను.

శ్రీనుకి మాత్రం ఒక చిన్న సందేహం పట్టుకుంది. "అన్నా, నీ ఆఫీస్ పన్నెండు మైళ్ళు కదా? మీటర్ల పదిహేను చూపిస్తున్నది ఏంది?"

"రోడ్డు పని జరుగుతోంది కదరా. లేన్లు మార్చుకుంటూ వెళ్తున్నా."

"లేన్ మారితే మూడు మైళ్ళు పెరుగుతదా?"

"నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి, నీకు తెలీదులే."

అప్పుడు వాడు నన్ను ఒక్కటి పీకి ఉండాల్సింది. మంచివాడు కాబట్టి ఊరుకున్నాడు.

ఇక ఆగలేకపోయాను. యాభై ఒకటి అంకెను రంగుల గ్రాఫ్ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆంటీ ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇన్ని మార్పులు చేశాక పెరిగిందా?"

"పెరిగిందాంటీ. ప్రతి ట్యాంకుకీ."

"నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. ఆదివారం పొద్దున్న లాన్సింగ్ దాకా వెళ్దాం. నువ్వు బండి మీద, నేను వెనక కార్లో. ఇక్కడ నింపి, అక్కడ మళ్ళీ నింపి చూద్దాం. నిజమైతే ఆ ఉద్యోగం నీది. నేనే వచ్చి నీ దగ్గర నేర్చుకుంటాను."

ఆ చివరి మాట విని గాల్లో తేలిపోయాను.

ఆదివారం బయల్దేరాం. హైవే మీద మీటరు డెబ్బై చూపిస్తోంది. ఇంజన్ గొంతు చించుకుంటోంది. ఇంత వేగంగా పోతుంటే నన్ను అందరూ దాటిపోవడమేమిటో అర్థం కాలేదు. ట్రక్కులు దాటాయి. సామాన్లు నింపుకున్న అద్దె వ్యాను దాటింది. పడవను లాక్కెళ్తున్న ఒక ముసలాయన నా పక్కకొచ్చి, 'అంతా బాగానే ఉందా?' అన్నట్టు చెయ్యి ఊపి మరీ దాటాడు. ఈ అమెరికన్లకి ప్రాణమంటే లెక్క లేకుండా పోయిందని జాలిపడ్డాను. అద్దంలో చూస్తే ఆంటీ కారు ప్రమాద సూచన లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ వస్తోంది. పాపం, నా స్పీడు అందుకోలేక వేసుకుందనుకున్నాను.

లాన్సింగ్‌లో బంకు దగ్గర ఆగాం. హెల్మెట్ తీసి వినయంగా అడిగాను, "నా స్పీడ్‌తో మీకు ఇబ్బంది అయిందా ఆంటీ?"

"చాలా అయింది నాయనా" అంది ఆవిడ.

ట్యాంకు నింపాను. గ్యాలనూ మరి కాస్తా పట్టింది. పంపు మీద ఒకటి పాయింట్ మూడు ఏడు. నా మీటరు మీద సరిగ్గా డెబ్బై మైళ్ళు. "చూశారా ఆంటీ! యాభై ఒకటి!" అని ఎగిరి గంతేశాను.

"నా కార్లో యాభై అయిదు మైళ్ళే వచ్చిందే?"

ఇక్కడ, అయ్యా, నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "మీ కారు మీటర్ ఒకసారి చెక్ చేయించుకోండాంటీ. పాత కారు కదా" అన్నాను. ఇంజన్ ల్యాబు నడిపే మనిషితో!

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "దారి పొడుగునా మైలు స్తంభాలు లెక్క పెట్టుకుంటూ వచ్చాను. అవీ యాభై అయిదే అంటున్నాయి."

"ఆ స్తంభాలను నమ్మకూడదాంటీ. చలికాలంలో మంచు తీసే బళ్ళు గుద్ది అటూ ఇటూ జరిగిపోతాయి."

"అన్నీ ఒకే వైపుకి జరిగాయా ప్రసాదూ?"

నా మీటరు వంక మరోసారి చూశాను.

ఆవిడ కారు డిక్కీ తెరిచి స్పానర్ తీసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నా బండి పక్కన గొంతుక్కూర్చుంది. వేడి స్పార్క్ ప్లగ్గును గుడ్డతో పట్టి విప్పి, వెలుతురులో తిప్పి చూసింది. దాని మొన బొగ్గులా నల్లగా ఉంది. చెయ్యి పట్టుకుని నాడి చూసే వైద్యుణ్ణి చిన్నప్పుడు చూశాను. అంత నెమ్మదిగా, అంత నిశ్చయంగా చెప్పుకుపోయింది.

"జెట్లు దుకాణంలో దొరికిన అన్నిటికన్నా పెద్దవి వేశావు. కాలని పెట్రోలు మసైపోయి దీన్ని పట్టుకుంది." వేలు పెట్టి వెనక పళ్ళచక్రం మీద పళ్ళు లెక్కబెట్టింది. "ఇది పెద్దది చేశావు. ముందుది చిన్నది చేశావు. అవునా?"

"అవునాంటీ."

"నీ మీటరు రోడ్డును చూడదు నాయనా. ఇంజన్ పక్కనున్న చిన్న చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే లెక్కపెట్టి, ఇంత దూరం వచ్చామంటుంది. నువ్వు చక్రాలు మార్చాక, అదే రోడ్డుకి అది ఎక్కువసార్లు తిరగాల్సి వస్తోంది. బండి యాభై అయిదు మైళ్ళు వస్తే మీటరు డెబ్బై అంటోంది. వేగమూ అంతే. డెబ్బై అని చూపించినప్పుడు నువ్వు పోయింది యాభై అయిదులో. వెనకనుంచి ఎవరైనా గుద్దుతారని దారంతా లైట్లు వేసుకుని నీకు కాపలా కాశాను."

మనసులోనే లెక్క కట్టుకున్నాను. యాభై అయిదు మైళ్ళు, అదే పెట్రోలు. గ్యాలన్‌కి నలభై. నలభై అయిదిచ్చే బండిని నలభైకి దించి, యాభై ఒకటని గ్రాఫ్ గీశాను. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ సిగ్గుకంటే పెద్దది ఇంకొకటి నన్ను కమ్ముకుంది. ఒక్క ప్లగ్గు రంగు చూసి, నాలుగు పళ్ళు లెక్కపెట్టి, నేను వేసవంతా గరాజ్‌లో చేసింది ఆవిడ కళ్ళారా చూసినట్టు చెప్పేసింది. మసి అంటిన ఆ వేళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

సూట్‌కేసు ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తుంటే ఆవిడ చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఇన్నిసార్లు నింపి లెక్క కట్టావు కదా. నచ్చని అంకె ఒక్కటైనా దాచేశావా? నిజం చెప్పు."

"లేదాంటీ."

"ఎందుకు దాచలేదు?"

"నచ్చని అంకె ఒక్కటీ రాలేదాంటీ."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బంకులో ఉన్న జనమంతా మా వైపు తిరిగారు. నవ్వి నవ్వి కారుకి ఆనుకుని, కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

"ఈ మాట చెప్పడానికి కూడా దమ్ముండాలి. సోమవారం ల్యాబుకి రా. ఆర్నెల్ల దాకా ఇంజన్ ముట్టుకోకు. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడ్డమే నీ పని. నమ్మడం నీకు బాగా వచ్చు. నమ్మకపోవడం నేను నేర్పిస్తా."

ఆర్నెల్లు కాదు, ఏడాది నేర్పింది. కొలిచే కర్రను ముందు కొలవమంది. అందుకని మీ అందరి సాక్షిగా, నిటారుగా నిలబడి, చెప్పులు విప్పి మరీ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నాకు నచ్చిన అంకె ఎదురైతే, దాన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎవరు పంపగా వచ్చావని నిలదీయకుండా ఇంట్లోకి రానివ్వను. ఎంత తీయని అంకె అయినా సరే, ఎవరు చెప్పినా సరే.

ఈ ప్రమాణం తప్పడం నావల్ల కాదు. ఆంటీ రిటైరైన రోజున ల్యాబంతా చేరి ఉండగా నా భుజం మీద చెయ్యి వేసి, "నా తరవాత ఈ ల్యాబులో ఇంజన్ తెలిసినవాడు ఇతనే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా మాట మాటే కదా. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని అడిగేశాను.

"ఆ సంగతి దేంతో కొలిచారాంటీ?"