తెరచాప బండికి నాన్న వెల్డింగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే, నాకేమీ తెలియదని. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టుకి అందరూ రోబోలూ డ్రోన్లూ అంటుంటే, నేనూ నా ఇద్దరు స్నేహితురాళ్లూ గాలితో నడిచే బండి చేస్తామని పేరిచ్చేశాం. మూడు చక్రాలు, ఒక స్తంభం, దానికో తెరచాప. నీళ్ల మీద పడవలా అది నేల మీద పోవాలి. “గాలికి కదిలితే పాస్, లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ కలుద్దాం” అన్నారు గైడు సారు. (నవ్వుతూనే అన్నారు. భయం అందుకే.)

బండి పుట్టింది సిద్ధగోరాలో, మా క్వార్టరు పెరట్లో. సన్నటి ఇనుప గొట్టాలతో చట్రం బిగించాం. ఉక్కు ప్లాంటులో వెల్డరైన మా నాన్న షిఫ్టు దిగొచ్చి, దాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. “ఏటమ్మా ఇది, బండా, బట్టలారేసే దండెమా? మనూర్లో ఇనుము కరువైపోయిందేటి?” అన్నాడు. “పాపా, హల్కా హోనా చాహియే, తేలిగ్గా ఉంటేనే కదులుతుంది” అన్నాను. ఊఁ అన్నాడు. మా ఇంట్లో ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కాదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి మూలమూలకీ ఓ ఇనుప పట్టీ పడింది. ఉక్కు ఊళ్లో పుట్టిన బండి ఊగితే పరువు తక్కువట! పక్క క్వార్టరు మావయ్య (ఆయనా వెల్డరే) చూడ్డానికొచ్చి ఊరికే పోతాడా, అడుగున ఓ లావుపాటి ఇనుప యాంగిల్ అతికించాడు. చివరికి దాన్ని గేటు దాటించడానికి వీధంతా చెయ్యి వేయాల్సొచ్చింది. అమ్మ కొబ్బరికాయ కొట్టి, దిష్టి తగలకుండా స్తంభానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. ఆ బరువూ నా లెక్కలో లేదు.

పరీక్ష రోజు మైదానంలో ఆకు కదిలితే ఒట్టు. నేను సీట్లో కూర్చుని తాడు లాగుతున్నాను, సారు గడియారం చూస్తున్నారు. “సారు అటు తిరిగినప్పుడు నాను ఎనకనుంచి సిన్నగా తోసేత్తాను” అని నాన్న నా చెవిలో అన్నాడు. సారు అటు తిరగలేదు. “హవా సే చలేగీ, యా పాపా సే?” అన్నారు (గాలికి నడుస్తుందా, నాన్నకా అని). అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో దల్మా కొండల వైపు నల్లబడింది. వేసవి సాయంత్రాల్లో మా ఊరికి చెప్పకుండా వచ్చే చుట్టం, కాలబైశాఖి గాలివాన. దుమ్ము లేచింది, జనం షెడ్డు కిందకి పరుగెత్తారు. “దిగిపోవే అమ్మా!” అని నాన్న అరిచాడు. నేను దిగలేదు. తెరచాప ఫట్టుమని ఉబ్బింది, బండి మూలిగింది, కదిలింది! ఇక ఆగలేదు. బ్రేకు పెట్టలేదు మరి (కదిలితే కదా ఆపడం అనుకున్నాం). సారు రెండు చేతులూ ఊపుతూ వెనక పరుగు, “రోకో! పాస్! పాస్ హో గయా, రోకో!” (పాసైపోయావు, ఆపు అని). ఆయన వెనక నాన్న. ఆఖరికి గోల్‌పోస్టు వల నన్ను ఆపింది. వల చిరిగింది, బండికి గీత పడలేదు. నాన్న రొప్పుతూ వచ్చి ముందు నన్ను తడిమాడు, తరవాత వెల్డింగుని తడిమాడు. “సూసేవా, నీ గొట్టాలే అయితే ఈపాటికి ఎగిరెల్లి ఊరికా సివర సోనారిలో పడుందువు” అన్నాడు. నిజమే కావచ్చు.

సారు పాస్ అని గొంతు చించుకుంటుంటే నేను వినిపించుకోలేదట, వానలో నోరు తెరిచి కేకలు పెడుతున్నానట. స్నేహితురాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. మార్కుల సంగతి నిజంగానే మర్చిపోయాను. ఇప్పుడేమో ఏ పనైనా మొదలుపెట్టకముందే దానికి ఎన్ని మార్కులొస్తాయో లెక్కేసుకునే మనిషినయ్యాను. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే కాస్త ఈర్ష్య కూడా.